చుక్క ముట్టని బండ్లు

ముందు శబ్దం వినిపించింది. టంగ్. కాసేపాగి మళ్ళీ టంగ్. ఆ తర్వాత, నీళ్ళున్న కుండను వేలితో తట్టినట్టు, టుప్.

ఎత్తి నిలబెట్టిన పాత ట్రక్కు కింద నుంచి వస్తోందది. షెడ్డు గుమ్మంలో ఆగిన కొరాలీకి మనిషి కనిపించలేదు, రెండు బూట్ల అడుగులు మాత్రం కనిపించాయి. టాంకులో పెట్రోలు ఎంతవరకు ఉందో మెకానిక్ నేవియో స్పానరుతో తట్టి చెబుతాడు. అందులో ఉన్నది ఏ పెట్రోలో ముక్కుతో చెబుతాడు. చెరుకు తోటల నడుమ, మిల్లు పొగ కింద ఒదిగిన మెరిన్ క్రీక్ అనే ఆ చిన్న ఊళ్ళో ఆయనకు పేరు తెచ్చింది ఆ ముక్కే.

ఆ ముక్కుతోనే పోట్లాడడానికి వచ్చింది కొరాలీ. ఆమె చేతిలో జానెడు రబ్బరు గొట్టం ఉంది. ఉబ్బి, మెత్తబడి, వానకు నానిన వేరులా అయింది. నిన్న సాయంత్రం ఆమె పాత స్టేషన్ వాగన్ కారు కింద పెట్రోలు చుక్కలు చుక్కలుగా కారుతుంటే పక్కింటాయన రెండు గజాల దూరంలో గడ్డికోత మిషను తిప్పుతున్నాడు. ఒక్క రవ్వ ఎగిరి ఉంటే ఇల్లు మిగిలేది కాదు.

"అంకుల్, బయటికి రా."

"కొరాలీవేగా? చెప్పులీడ్చే తీరులోనే తెలుస్తోంది, మంచి కోపం మీదున్నావని."

"పోయిన శనివారం నా బండి మూత తీసి వాసన చూసి ఏమన్నావు?"

"చుక్క ముట్టలేదన్నాను."

"ముట్టింది. పీకల దాకా ముట్టింది."

బూట్లు కదలడం మానేశాయి.

చెరుకు పెట్రోలు పంపుల్లోకి వచ్చిన కొత్తలో ఆ ఊరికి పండగలా ఉండేది. పదో వంతు ఇథనాల్, అంటే సారాయే, అదీ చెరుకు మడ్డిలోంచి తీసినది. మన చెరుకు, మన మిల్లు, మన బండి అనుకుంటూ జనం తాతల నాటి కార్లలోకి కూడా పోసేశారు. కొత్త బండ్లు హాయిగా తాగాయి. కార్బురేటర్ల కాలం నాటివి తాగలేకపోయాయి. ఆ సారా వాటి రబ్బరు గొట్టాలను మెత్తబరిచింది, టాంకు అడుగున ఏళ్ళుగా నిద్రపోతున్న తుప్పును లేపింది, వానాకాలం గాలిలోని తేమను పీల్చి తెచ్చింది. చెరుకు రైలు పట్టాల మీదికి రాగానే దగ్గి ఆగిపోయిన బండ్లను తోసి తోసి ఊరి కుర్రాళ్ళ భుజాలు కాయలు కాశాయి. అప్పుడొక సాయంత్రం పబ్బులో నేవియో గ్లాసు దించి చెప్పాడు: "బండ్లలో తాగేవీ ఉన్నాయి, చుక్క ముట్టని చర్చి భక్తుల్లాంటి మెథడిస్టులూ ఉన్నాయి. మెథడిస్టుల నోట్లో బలవంతంగా పోస్తే పాపం."

మాట నిలిచిపోయింది. మెరిన్ క్రీక్‌లో పాత బండి ఉన్నవాళ్ళందరూ 'మాది మెథడిస్టు' అనే అంటారు. ఇంట్లో ఒకరు పోయించింది ఇంకొకరికి తెలియదు, బండి అడిగి తీసుకెళ్ళినవాడు ఏం పోసి తెచ్చాడో చెప్పడు. కనుక శనివారం పొద్దున షెడ్డు ముందు బారు తీరేవారు. నేవియో టోపీ తీసి చంకలో పెట్టుకుని, మూత తిప్పి, కళ్ళు మూసుకుని వంగేవాడు. ఇంజన్ల మీద ఈగల్లా వాలే మగవాళ్ళు కూడా ఆ క్షణంలో మాట్లాడేవారు కాదు.

ఆ ముక్కు వయసు డెబ్బై తొమ్మిదేళ్ళు. ఇటలీ కొండల్లోంచి ఆరేళ్ళవాడిగా ఈ దేశానికి ఓడలో వచ్చాడు. తండ్రి చెరుకు నరికేవాడు, తల్లి కోతగాళ్ళ బారకాసులో వంట చేసేది. పాలు విరిగాయో లేదో, మాంసం పనికొస్తుందో లేదో చూడమని తల్లి ముందు వీణ్ణే పిలిచేది. పదిహేనేళ్ళప్పుడు ఒక రైతు డ్రమ్ముల్లోని పెట్రోలులో కిరోసిన్ కలిసిందని పసిగట్టి, కోతల కాలం మొదలుకాకముందే నాలుగు ట్రాక్టర్లను కాపాడాడు. "కుక్కని కట్టుకున్నాను, పోనీ అరవదు, అదొక్కటే నయం" అనేది ఆయన భార్య ఇనెస్. ఆమె పోయి నాలుగేళ్ళు దాటింది.

ట్రక్కు కింద నుంచి చక్రాల పలక మీద జారుతూ నేవియో బయటికొచ్చాడు. గొట్టం అందుకుని ముక్కుకు ఆనించుకున్నాడు. చాలాసేపు.

"పాతబడింది. అంతే. ఇందులో చెరుకు లేదు."

రెండు బారల దూరంలో నిలబడ్డ కొరాలీకే ఆ తీపి ఘాటు తెలుస్తోంది. ఆమె మిల్లు లాబ్‌లో పాతికేళ్ళుగా చెరుకురసం పరీక్షిస్తున్న మనిషి. "పోయించింది మా డల్సీ పిన్ని, అంకుల్. తనే ఒప్పుకుంది."

ఒప్పుకోవడం అంటే అదేమీ తలదించుకుని చెప్పింది కాదు. ఎనభై రెండేళ్ళ డల్సీ కుర్చీలోంచి కదలకుండానే అంది: "మా తాతని మా దీవిలోంచి తెల్లదొరలు ఓడలో ఎత్తుకొచ్చి ఈ చెరుకు నరికించారు. ఆ చెరుకు ఇవాళ పంపులోంచి వస్తుంటే, దాన్ని దాటుకుని పోయి పరాయి నూనె పోయించుకోనా?"

"పిన్నీ, పుట్టి బుద్ధెరిగాక నువ్వు చుక్క ముట్టలేదు. బండికి మాత్రం తాగించావు."

"బండికి చర్చి లేదుగా."

ఇదంతా చెప్పి నేవియోని నవ్విద్దామనుకుంది కొరాలీ. చెప్పలేకపోయింది. షెడ్డు వెనక గదిలోంచి రబ్బరు కాలుతున్న వాసన కమ్ముకొస్తోంది. పరుగెత్తింది. స్టవ్ మీద కాఫీ కెటిల్ నీళ్ళింకిపోయి, మెడ దగ్గరి రబ్బరు పట్టీ కరిగి బుడగలు తేలుతోంది. పక్క బల్ల మీద మూత లేని పెట్రోలు డబ్బా. స్టవ్ ఆర్పి, కిటికీ తెరిచి, డబ్బాను దూరంగా పెట్టి వచ్చింది.

"కాఫీ మాడిపోయింది."

"చూస్తూనే ఉన్నాను."

"ట్రక్కు కింద పడుకునా?"

నేవియో మసిగుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. తుడిచిన వేలినే మళ్ళీ తుడిచాడు.

"ఎప్పట్నించి?" అంది కొరాలీ, కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియకుండా.

"నిరుడు చలికాలంలో జ్వరమొచ్చింది చూడు, అప్పట్నించి. ఆదివారం ఆదివారం ఇనెస్ అలమర తెరుస్తాను. ఆవిడ ఊలు స్వెట్టరు ఉంటుంది. ఆ వారం తెరిస్తే ఏమీ లేదు. పోయిందిరా ఆవిడ వాసన, ఎన్నాళ్ళని ఉంటుందిలే అనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత పెట్రోలు డబ్బా దగ్గరా ఏమీ రాలేదు. అప్పుడు తెలిసింది, పోయింది ఆవిడ వాసన కాదని."

"మరి ఏడాదిగా ఎవరికీ దొరక్కుండా ఎలా చెప్పావు?"

"మొహాలు చూసి. తాగించినవాడు నేను వంగగానే కళ్ళు దించుకుంటాడు. లేకపోతే వాతావరణం గురించి మాట్లాడతాడు. నీ మొహంలో ఏమీ లేదమ్మాయ్. మీ పిన్ని పోయించిందని నీకే తెలియదుగా."

కొరాలీకి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఎల్లుండే శనివారం. ఏటా కోతల కాలంలో జరిగే పాత బండ్ల ఊరేగింపు ఆ మర్నాడు. ముప్పై బండ్లు వచ్చి ఆయన ముందు ఆగుతాయి. అందులో ఎన్నింటి వెనక ఏమీ తెలియని మొహాలు ఉంటాయో.

"చెప్పెయ్యాలి, అంకుల్."

"చెప్పు. చెప్పాక నేనేంటి? ఈ షెడ్డులో దేనికీ అమరని ఒక పాత పార్టుని."

శుక్రవారం ఆమె రొట్టెకు రాసుకునే వెజిమైట్ ఖాళీ సీసా ఒకటి తెచ్చింది. దాని మీద అడుగు నుంచి రెండు వేళ్ళ ఎత్తున గీత గీసి ఉంది. గీత దాకా నీళ్ళు పోసింది. పైన తన బండిలోంచి తీసిన పెట్రోలు పోసి, మూత బిగించి, ఊపి, బల్ల మీద పెట్టింది. తేటపడ్డాక చూస్తే అడుగున నీళ్ళు గీత దాటి పైకొచ్చాయి. పెట్రోలులో దాక్కున్న సారా నీళ్ళను చూడగానే వాటిలో కలిసిపోయింది.

"ఇది నాకు తెలియదనుకున్నావా? నువ్వు పుట్టకముందే మా మేస్త్రి చూపించాడు." నేవియో సీసా వైపు చూడనైనా లేదు. "సీసా చూసి చెప్పడానికి నేనెందుకు? ఎవరైనా చెబుతారు."

"ఎవరైనా చెప్పాలనే కదా. నీ ముక్కు బాగున్న రోజుల్లో కూడా అది నీ ఒక్కడి మొహం మీదే ఉంది. నువ్వు జ్వరంతో పడుకున్న వారం ఈ ఊరు ఎవర్ని అడగాలి?"

ఖాళీ పెట్టెలతో చెరుకు రైలు ఒకటి షెడ్డు వెనక నుంచి వెళ్ళింది. తర్వాత ఆయన సీసాను వెలుతురుకేసి పట్టుకుని, చిన్నగా తిప్పి, బల్ల మీద పెట్టేశాడు.

శనివారం బారు రోడ్డు మలుపు దాకా ఉంది. మొదటి బండి చెరుకు రైతు మెర్విన్‌ది. నేవియో టోపీ తీశాడు, మూత తిప్పాడు, కళ్ళు మూసుకుని వంగాడు. ఆయన అలాగే వంగి ఉండి, ఎవరో తట్టి లేపినట్టు నిటారుగా నిలబడ్డాడు.

"నా ముక్కు పోయింది," అన్నాడు. "ఏడాదైంది. ఇన్నాళ్ళూ మీ మొహాలు వాసన చూశాను."

మెర్విన్ గడ్డం గోక్కున్నాడు. "అందుకేనా ముసలోడా, నా చేత మూడుసార్లు ఉత్తపుణ్యానికి టాంకు ఖాళీ చేయించావు?"

"నేనేం చెయ్యను? నీ మొహం చర్చిలో కూడా తాగినట్టే ఉంటుంది."

నవ్వు బారు చివరిదాకా పాకింది, కారణం తెలియని వెనకవాళ్ళు కూడా నవ్వారు. అప్పుడు కొరాలీ సీసా తీసింది. నేవియో దాన్ని ఆమె చేతిలోంచి లాక్కుని, "ఊపడం కూడా రాదు నీకు, పాలపీకలా పట్టుకుంటావు" అని తనే ఊపాడు. మధ్యాహ్నానికి రెండు బండ్లు పట్టుబడ్డాయి. రెండింటి వెనకా అమాయకుల మొహాలే. వాటి గొట్టాలు మార్చడానికి కింద దూరింది మాత్రం నేవియోనే. గీత గీసిన సీసా ఇంటికొకటి ఉండాలని, అది కూడా వెజిమైట్‌దే అయ్యుండాలని ఆడవాళ్ళు అక్కడికక్కడే తీర్మానించేశారు. ఊరేగింపులో మర్నాడు డల్సీ, కడిగిన టాంకు, కొత్త గొట్టంతో, స్టేషన్ వాగన్ ముందు సీట్లో రాణిలా కూర్చుని వెళ్ళింది.

కానీ అది ఆదివారం సంగతి. శనివారం బండ్లన్నీ వెళ్ళిపోయాక నేవియో చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, "ఒకసారి ఇంట్లోకి రా" అన్నాడు. ఇంట్లో తెరలన్నీ వేసి ఉన్నాయి. అలమర తలుపు తీసి ఆయన పక్కకు తప్పుకున్నాడు. బూడిదరంగు స్వెట్టరు ఒక్కటే వేలాడుతోంది, మోచేతుల దగ్గర వంపు అలాగే ఉంది.

ఏం అడుగుతున్నాడో ఆయన చెప్పలేదు. కొరాలీ మొహం స్వెట్టరులో పెట్టి, కళ్ళు మూసుకుంది.

"కలరా ఉండలు."

"అవి నేను పెట్టినవే. వాటి కింద?"

ఆమె మళ్ళీ వంగింది. అబద్ధం చెప్పకూడదని ఊపిరి పూర్తిగా లోపలికి లాగింది. "ఉంది అంకుల్. పలచగా ఉంది. సబ్బులాంటిది. నిమ్మ సబ్బు."

నేవియో అలమర తలుపు పట్టుకుని నిలబడ్డాడు. బయట ఎండలో మిల్లు బూడిద నల్లటి పూలరేకుల్లా రాలుతోంది. మెల్లగా తలుపు మూశాడు.

"నిమ్మ కాదమ్మాయ్, నారింజపువ్వు. నీ ముక్కుకి ఇంకా చదువు అబ్బలేదు. వచ్చే శనివారం కాస్త ముందే రా, మొదటి బండితో మొదలుపెడదాం."