అవునంటే నమ్మని మనిషి

ముతర్జిం సాబు పోయారు. కబురు చెప్పింది ఆయన కొడుకు. అప్పుడు నేను సౌదీలో, ధహ్రాన్‌లో ఒక ఇంటి మిద్దె మీద ఏసీ విప్పి ఫిల్టర్ కడుగుతున్నాను. "నాయన పొద్దున పోయినాడు చిన్నాయనా. మధ్యాన్నం జుహర్ నమాజు కాంగానే మట్టి చేసేసినాము," అన్నాడు. సరే అన్నాను. ఫిల్టర్ బిగించాను, గ్యాస్ చూశాను, ఇంటివాళ్ల చేత సంతకం పెట్టించుకున్నాను. బండెక్కాక గానీ ఆ అబ్బాయితో ఒక్క మంచి మాటైనా అనలేదని గుర్తుకు రాలేదు. అప్పుడు ఏడుపు రాలేదు. ఇది రాస్తుంటే కూడా రావడం లేదు. లోపలంతా మొద్దుబారిపోయింది, అంతే.

ముతర్జిం అంటే అరబ్బీలో దుబాసీ. ఆయన అసలు పేరు ఇక్కడ పని చేసే మా తెలుగువాళ్లలో సగం మందికి తెలియదు. కడప జిల్లా మనిషి, ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిం. మదర్సాలో నేర్చిన అరబ్బీతో ఒక కంపెనీలో గుమాస్తాగా వచ్చారు. జవాజాత్ వాళ్లు, అంటే ఇక్కడి పాస్‌పోర్టు పోలీసులు, తెలుగువాడెవడైనా దొరికితే ఆయన్ని పిలిపించేవారు. పిలవగా పిలవగా చివరికి అక్కడే కుదిరారు. బక్కపలచని ఒళ్లు, మెడదాకా గుండీలు పెట్టిన తెల్ల చొక్కా, జేబులో ఎప్పుడూ సోంపు పొట్లం. ఎంత మండుటెండలోనైనా టీ పొగలు కక్కాల్సిందే. పట్టుబడ్డవాడు నిలబడి ఉంటే తాను కుర్చీలో కూర్చునేవారు కాదు, మోకాళ్ల నొప్పులు వచ్చాక కూడా. "నిలబడినోని మాట కూసోని వింటే సగమే వినపడతాది," అనేవారు.

మాకు యూనిఫారం కనబడితే చాలు, పక్క సందులోకి తప్పుకునేవాళ్లం. ఎవరు ఏ పోలీసో తెలిసేది కాదు. ఆయన శుక్రవారాలు మా క్యాంపుకు వచ్చి బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పేవారు. "కొట్లాటకు, దొంగతనానికి షుర్తా. బండ్లకు మురూర్. కాగితానికి జవాజాత్. జవాజాత్ వాడు నీ ఇఖామా చూస్తాడు, ఈడ ఉండేదానికి అనుమతి ఉందా లేదా అని. నిన్ను దొంగవనడు. దానికెందుకురా అంత వణుకు?" మన దగ్గర రాష్ట్రం దాటితే పోలీసు వేరు. ఇక్కడ దేశమంతటికీ ఒకటే శాఖ, దాని తాళం రియాద్‌లో. దమ్మాంలో ఒకడి మీద పడిన ముద్ర వాడు జిద్దాలో దిగినా వెంటే ఉంటుంది. ఆయన చేరిన రోజుల్లో అదంతా లావుపాటి రిజిస్టర్లలో ఉండేదట. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, ఆ తర్వాత పది వేళ్లూ అద్దం మీద ఆనించే యంత్రాలు వచ్చాయి. "యంత్రం వేలు చూస్తాది. మాట మనమే ఇనాల," అనేవారు ఆయన.

నేను ఆయన చేతిలో పడింది యుద్ధం రోజుల్లో. కువైట్ కోసం జరిగిన యుద్ధం అది. సైరన్ మోగితే కిటికీలకు టేపులు అంటించిన గదిలో అందరం ఒకచోట ముడుచుకుని కూర్చునేవాళ్లం. మా కఫీల్, మా వీసాలకు యజమాని, పెళ్లాం పిల్లలను బండెక్కించుకుని జిద్దా వెళ్లిపోయాడు. మా పాస్‌పోర్టులు ఆయన ఆఫీసు బీరువాలో, ఆయన స్టోరు మా కాపలాలో ఉండిపోయాయి. నా ఇఖామా గడువు సరిగ్గా ఆ వారాల్లోనే తీరింది. మధ్యాహ్నం రొట్టెల కోసం బజారుకు వెళ్తే చెక్‌పోస్టులో ఆపి తీసుకెళ్లారు.

ఆఫీసులో అధికారి అరబ్బీలో ఏదో అడిగాడు. "అయ్వా," అన్నాను, అంటే అవునని. ఇంకోటి అడిగాడు. అయ్వా. మాలో ఎవడైనా చేసే పనే అది. పెద్ద అధికారి అడిగితే కాదనడం మర్యాద కాదని, అవునంటే తొందరగా వదిలేస్తారని మా నమ్మకం. అధికారి రాసుకుంటూ పోయాడు. వేలిముద్ర వేయమని కాగితం నా ముందుకు జరిపేసరికి ముతర్జిం సాబు లోపలికి వచ్చారు. నా మణికట్టు పట్టుకుని ఆపారు. ఆయన పద్ధతి అది. కాగితంలో ఉన్న ప్రతి ముక్కా తెలుగులో చదివి, దాన్ని మన మాటల్లో మన చేతే చెప్పించేదాకా వేలు ఆననిచ్చేవారు కాదు.

"ఏం అబ్బీ, కఫీల్ దగ్గర్నుంచి పారిపోయినానని ఒప్పుకున్యావంట?"

"నేనేడికి పారిపోయిన సాబ్? కఫీలే పారిపోయిండు!"

ఆయన పెదవులు బిగపట్టారు. అది నవ్వు ఆపుకోవడమని తర్వాత ఆయనే చెప్పారు. ఆ మాట ఉన్నదున్నట్టు చెబితే నా కొంప మునిగేది. అందుకని, యజమాని తన ఇంటివాళ్లను భద్రమైన చోటికి చేర్చడానికి వెళ్లాడనీ, ఈ మనిషి మాత్రం కదలకుండా ఆయన స్టోరును కనిపెట్టుకుని ఉన్నాడనీ, కావాలంటే మనిషిని పంపి చూడమనీ చెప్పారు. అధికారి మంచివాడు. నిజంగానే పంపించి చూశాడు. ఆ కాగితం చించి కొత్తది రాశాడు. పారిపోయినవాడని ముద్ర పడితే ఇంటికి పంపేసేవారు, మళ్లీ ఈ దేశంలో కాలు పెట్టే దారి ఉండేది కాదు. ఇన్నేళ్లుగా నేను ఇక్కడ పని చేసుకుంటున్నానంటే ఆయన వల్లే.

ఒక శుక్రవారం అడిగాను, ఒకసారి అవునన్నవాణ్ని తిప్పి తిప్పి ఎందుకు అడుగుతారని. పొట్లం విప్పి నాలుగు సోంపు గింజలు నోట్లో వేసుకున్నారు. యుద్ధానికి ముందు, ఆ పనికి ఆయన కొత్తగా ఉన్నప్పుడు, మెట్‌పల్లి దగ్గరి మనిషి ఒకడు పట్టుబడ్డాడట.

"పారిపోయినావా అంటే వాడు అవునన్యాడు, నేను అయ్వా అని చెప్పినా. మాటలో తప్పు లేదు. కానీ భయానికి అన్యాడో, నిజమే అన్యాడో అడగలేదబ్బీ. పంపించేసినారు. పొయ్యేటప్పుడు తలకాయ తిప్పి నన్నే చూసినాడు. నువ్వు సెలవు మింద పోయినప్పుడు ఆ మనిషిని కనుక్కో. నన్ను మాఫ్ చేయమను."

వెళ్లాను. ఆయన రాసిచ్చిన ఊరు మా ఊరి నుంచి బస్సులో గంట. ఆ మనిషి చేలో పసుపు తవ్వుతున్నాడు. నేను చెప్పిందంతా విని, పార పక్కన పెట్టి నవ్వాడు.

"మాఫ్ ఏంది? నేను నిజంగనే పారిపోయిన. గొర్లు కాయుమని ఎడారిల తోలిండ్రు. మూడు దినాలు నడిచి రోడ్డు మీద పడ్డ. ఇంటికి పంపిస్తరనే అవునన్న. ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పిండు కాబట్టే మా నాయిన బతికుండంగ ఇల్లు చేరిన. పొయ్యేటప్పుడు సలాం జేద్దామని తిరిగి చూసిన. చేతులకు బేడీలుండె."

తిరిగొచ్చాక ముతర్జిం సాబు అడిగారు. "కనపడినాడా?"

"లేదు సాబ్. ఊరిడిసి పోయిండట."

ఎందుకు అబద్ధమాడానో ఇవాళ రాస్తున్నాను. అప్పట్లో జవాజాత్ వరండాలో మా జిల్లావాళ్లు రోజూ ఎవరో ఒకరు పట్టుబడి ఉండేవారు. గుండె మీద బరువు దిగిపోతే ఈయన అవునన్నవాణ్ని మళ్లీ అడగడం మానేస్తారేమోనని భయపడ్డాను. నేను సెలవు నుంచి వచ్చినప్పుడల్లా ఆయన అడిగారు, నేను లేదన్నాను. తర్వాత ఆయన పని మానేసి, మక్కాలో హోటల్లో పని చేసే కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. కానీ చెబితే ఇన్నాళ్లూ దాచానని కూడా చెప్పాలి. ఫోన్ చేసి మోకాళ్లెలా ఉన్నాయని అడిగి పెట్టేసేవాణ్ని. అందరి మాటనూ రెండుసార్లు అడిగిన మనిషి నేను లేదన్న ప్రతిసారీ తిప్పి అడగకుండానే నమ్మారు. నాకు సిగ్గుగా ఉంది.

ఆయన పోయిన పది రోజులకు జిద్దాకు సామాను తీసుకెళ్లే పని కంపెనీలో అడిగి పుచ్చుకున్నాను. తాయిఫ్ కొండలు దిగాక, మక్కా చెక్‌పోస్టుకు ఇవతల పెట్రోలు బంకు దగ్గరికి కొడుకు వచ్చాడు. ఆ గేటు దాటి నేను వెళ్లకూడదు. టీ తాగుతూ అతనికి అంతా చెప్పేశాను. అతను కప్పు కింద పెట్టాడు.

"నమాజు చేసినప్పుడల్లా ఆ మనిషి పేరు తీసుకుంటాండె చిన్నాయనా. ఆసుపత్రిలో కూడా తీసుకున్యాడు."

అంతే అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి, డ్యూటీకి టైమైంది, వెళ్లొస్తానన్నాడు.

అతని కారు గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి లోపలికి వెళ్లిపోయింది. నా ఇఖామా చూసిన సిపాయి చేత్తో పక్క దారి చూపించాడు. ముస్లిములు కానివాళ్ల కోసం వేసిన ఆ దారి ఊరి బయట బయటే తిరిగి జిద్దా రోడ్డులో కలుస్తుంది. ఊరు నా కుడిచేతి పక్కన కొండల వెనక ఉండిపోయింది. ఆయన అక్కడెక్కడో, పేరు రాయని మట్టి కింద ఉన్నారు. అద్దం దించి కుడి అంచునే పోనిచ్చాను. వెనక బండ్లవాళ్లు హారన్ కొట్టి దాటిపోతున్నారు. ఎంత నెమ్మదిగా నడిపినా ఆ దారి అయిపోయింది.