మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా

ఆడవాళ్లు రోజుకు ఇన్ని గంటలు పనిచేస్తారు, ఇన్ని గంటలు తీరిగ్గా ఉంటారు అని ఎవరైనా ఆర్థికవేత్త లెక్క తీసి చెబితే నాకు ముందు అనుమానం వస్తుంది. ఆ గంటల గురించి ఎవరడిగారు? అడిగినప్పుడు పక్కన ఎవరు కూర్చున్నారు? ఇది పుస్తకాలు చదివి వచ్చిన అనుమానం కాదు. అలాంటి గంటలు రాసుకొచ్చినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

తిరుపతిలో ఎం.ఏ. ఎకనామిక్స్ అయ్యాక కొన్నాళ్లు సర్వే పనికి పోయాను. చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి, నిన్న తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఈరోజు నాలుగింటి దాకా ఏ అరగంటలో ఏం చేశారో ట్యాబ్‌లో ఎక్కించాలి. మనుషుల సంగతి వాళ్ల మాటల్లో కంటే వాళ్లు గంటలు ఖర్చుపెట్టే తీరులో తెలుస్తుందని శిక్షణలో చెప్పారు. జనం అబద్ధాలు చెబుతారు, జాగ్రత్త అని కూడా చెప్పారు. ఆ రెండో మాట నాకు బాగా తలకెక్కింది. ప్రతి మనిషినీ దొంగను చూసినట్టే చూసేదాన్ని.

ఒక ఇంట్లో అత్తా కోడలూ ఉన్నారు. పింఛన్ తీసేయడానికి వచ్చావా అని అత్త నన్నే అనుమానించింది. కాదని ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒప్పుకున్నాక కూడా పక్కనుంచి కదల్లేదు. కోడలికి ముప్పై దాటి ఉండవు. పేడ ఎత్తడం, పాలు పితకడం, వంట, గడ్డి కోయడం అన్నీ తడుముకోకుండా చెప్పింది. మధ్యాహ్నం రెండు దగ్గర మాత్రం కాస్త ఆగింది. నాలుగు దాకా పక్క వీధిలో అక్క ఇంట్లో చింతపండు కొట్టడానికి సాయం పోయానంది. మండీల నుంచి మూటలు తెచ్చుకుని ఆడవాళ్లు కూలికి కొట్టి గింజలు తీసే కాలమే అది. ఎక్కించేశాను.

నా ఖర్మకొద్దీ ఆ అక్క ఇల్లూ నా జాబితాలోనే ఉంది. అక్కడ చింతపండు జాడే లేదు. మరి చెల్లెలు వచ్చి ఏం చేస్తుందని అడిగాను.

“ఏమీ సెయ్యదు మేడమ్. కొంగు మొగాన కప్పుకోని పండుకుంటాది. ఈడైతే ఎవురూ పిలవరు గదా,” అంది అక్క.

దొరికిపోయిందని లోలోపల నాకు ఒకటే సంబరం. రెండిళ్ల జవాబులు కలవకపోతే ఆ రోజే సరిచేయాలని నియమం. గబగబా వెనక్కి పోయాను. కోడలు ఒంటరిగా దొరికేదాకా ఆగి ఉండొచ్చు. ఆగలేదు. మీ అక్క ఇంట్లో చింతపండే లేదు కదా, అక్కడ పడుకుంటావట, నిద్ర అని రాయనా అని అత్త ముందే అడిగేశాను. కోడలు నా వైపు చూడలేదు, అత్త వైపు చూసి, రాసుకోమన్నట్టు తలూపింది. అత్త గొడవేమీ చేయలేదు. రెండు గంటలా అని మాత్రం మెల్లగా, తనలో తాను అనుకుంది. అప్పుడైనా నా బుర్ర వెలగలేదు. సాయంత్రం మా సూపర్‌వైజరు శభాష్ అంటే సిగ్గులేకుండా పొంగిపోయాను.

నెల తర్వాత, జవాబులు నిలకడగా ఉన్నాయో లేదో చూడమని అదే ఇంటికి మళ్లీ పంపారు. వసారాలో చింతపండు మూటలు మూడు. అత్తే మండీకి పోయి మాట్లాడి తెప్పించిందట. కోడలు రాతి ముందు కూర్చుని కొడుతూ ఉంది. అక్క ఇంటికి పోతున్నావా అని అడగబోయి నోరు మూసుకున్నాను. ట్యాబ్ తీసి, వరసగా అడుగుతూ మధ్యాహ్నం దాకా వచ్చాను. నేను రెండు అనేలోపే, చెయ్యి ఆపకుండా జవాబు చెప్పింది.

“సింతపండు కొట్టినా. రాసుకో మేడమ్. ఈసారి మా యక్కను అడగాల్సిన పన్లేదు.”

రాసుకున్నాను. ఆమె మొదటి రోజు చెప్పిన అబద్ధాన్ని నేనే నిజం చేశాను.