మాస్టారి తరఫున హాజరు

మొన్న ఆఫీసులో కరెంటు పోయి యూపీఎస్ కీచుమంది. గడియారం చూస్తే సరిగ్గా పది. నా వేళ్ళు వాటంతటవే కీబోర్డు మీదకు పోయాయి. పక్కవాళ్ళు నవ్వారు. మా ప్రసాదరావు మాస్టారు వాళ్ళకు తెలియదు మరి.

నాకు కంప్యూటరు నేర్పింది ఆయనే. తర్వాత జగ్గయ్యపేటలో ఫోటో స్టూడియో పెట్టి, నందిగామ బ్రాంచి నాకు అప్పగించారు. రెండువేల ఐదు, ఆరు నాటి మాట. జనం పాత ఫోటోలన్నీ పేట స్టూడియో వెనకగదిలో, ఆయన స్వయంగా కూర్చిన సర్వరులో ఉండేవి. "మన ఆడపిల్లల ఫోటోలు ఎవరి కొట్లోనో ఎందుకమ్మాయ్? మన పెట్టె, మన తాళం," అనేవారు. ఆ తాళం తెరిచే పాస్‌వర్డు సగం ఆయనకు, సగం నాకు తెలుసు. ఆయనక్కడ, నేనిక్కడ కొడితేనే తెరుచుకునేది. ఇంత చాదస్తమా అని నేను ఏడిపించేదాన్ని.

రోజూ పదింటికి ఆ సర్వరు కీచుమని ఇద్దరి తెరల మీదా ఇంగ్లీషు అక్షరాల తెలుగులో అడిగేది: "ప్రసాదరావు గారూ, ఉన్నారా?" ఆయన "ఉన్నా" అని కొట్టేవారు. సామానుకు బెజవాడ వెళితే, "నా తరఫున నువ్వు పలుకు," అనేవారు.

"పలక్కపోతే ఏం చేస్తుందండీ?"

"చెయ్యాల్సింది చేస్తుందిలే."

పెట్టె ఇక ఎప్పటికీ తెరుచుకోకుండా మూసుకుపోతుందేమో అనుకున్నాను. ఒక తెల్లవారుజామున గుండె ఆగి ఆయన పోయారు. కబురు విని బయలుదేరబోతుంటే పదయింది. "ప్రసాదరావు గారూ, ఉన్నారా?" ఏడుస్తూనే "ఉన్నా" అని కొట్టాను. మర్నాడూ అంతే. అలా రెండు నెలలు.

ఆ రెండు నెలలూ వత్సవాయి నుంచి రమణమ్మగారు వారం వారం వచ్చేవారు. చనిపోయిన కూతురి ఫోటోలు ఆ పెట్టెలోనే ఉన్నాయి, ఇంట్లో ఒక్కటీ లేదు. "దాని మొహం మర్చిపోతన్నానమ్మా," అన్నారు ఒకసారి. నా దగ్గరున్నది సగమే.

తర్వాత నాకు చికున్‌గున్యా వచ్చింది. పది రోజులు మంచం దిగలేదు, ఆయన తరఫున పలకలేదు. కుంటుకుంటూ వచ్చి మెయిలు తెరిస్తే మాస్టారి పేరు. ఆయన ఎప్పుడో రాసిపెట్టుకున్నదాన్ని మూడు రోజుల కిందట సర్వరు దానంతటదే పంపిన ఉత్తరం.

"సుజాతా, వారం రోజులు నేను పలకలేదంటే ఇక లేనట్టే. నా సగం ఇదిగో. ఆలస్యం చెయ్యకు, ఎవరో ఎదురు చూస్తుంటారు."

సర్వరు లెక్కలో ఆయన్ను రెండు నెలలు బతికించి ఉంచింది నేనే. రెండు సగాలూ కొట్టి పెట్టె తెరిస్తే, రమణమ్మగారు తెర మీద కూతుర్ని తడుముతూ, "ఇన్నాళ్ళూ ఇక్కడే ఉందా తల్లీ," అన్నారు. నేను తలెత్తలేకపోయాను.

ఇప్పుడు నాకూ ఒక సర్వరు ఉంది. రోజూ పదింటికి నన్ను అడుగుతుంది, నేను పలుకుతాను. ఊరెళ్ళినప్పుడు నా తరఫున పలకమని మాత్రం ఎవరికీ చెప్పను.