భ్రమరాంబిక తాగిన నీళ్లు

ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కే ఆడవాళ్లు పొద్దున లేచింది మొదలు నీళ్లు ముట్టరు. దారిలో దిగే వీలుండదు గదా. భ్రమరాంబికా అంతే. తొంభై ఏడులో తొలిసారి స్కానింగుకు గొంతెండబెట్టుకునే పోయింది. పెళ్లయి చాన్నాళ్లయినా పిల్లల్లేరు. నెలసరి ఎప్పుడొస్తుందో ఆమెకే తెలీదు.

స్కానింగు చేసినాయన పొట్టమీద మిషను అటూ ఇటూ తిప్పి, గర్భసంచి కనపడలేదు, మళ్లీ రమ్మన్నాడు. నీళ్లు తాగి రమ్మని మాత్రం చెప్పలేదు. ఆ మాట అత్త భారతమ్మతోపాటు ఊరు చేరేసరికి, కోడలికి గర్భసంచే లేదన్నట్టయింది. భర్త నరసింహులు విగ్రహాలు చెక్కుతాడు. ఆ వీధిలో ఉలి దెబ్బల మధ్యే అందరికీ తెలిసిపోయింది. భారతమ్మ కొడుక్కి అవుకులో ఇంకో పిల్లను మాట్లాడింది. ఆదివారం చూపులు.

ఇంకొక్కసారి చూపించుకుంటానని భ్రమరాంబిక పట్టుబట్టింది. లేదని తేలితే తానే అవుకుకు వస్తానంది.

"లేనిది నాలుగు దినాల్లో మొలుస్తాదా?" అంది అత్త. అన్నదే గాని, తేల్చుకుందామని కొడుకును వెంటబెట్టుకొని తనూ బస్సెక్కింది.

నంద్యాలలో ఈసారి వేరే ఆసుపత్రికి పోయినారు. అక్కడ డాక్టరు దెబోరా తనే స్కానింగు చేస్తుంది. ముందు ఆమె అడిగింది నీళ్ల సంగతే. బస్సులో వచ్చినాం గదా మేడం, తాగలేదంది భ్రమరాంబిక. మూత్రసంచి నిండితేనే దాని వెనకున్న గర్భసంచి తేటగా కనబడుతుందని చెప్పి డాక్టరు బయటికి పంపింది. నరసింహులు పక్కనున్న టీ అంగడి నుంచి చెంబుతో నీళ్లు మోస్తానే ఉన్నాడు. భ్రమరాంబిక తాగి, వరండాలో తిరిగి, ఇక నిలబడలేనన్నప్పుడు లోపలికి పిలిచారు. ముగ్గురినీ.

"ఇదో అవ్వా, నీ కోడలి గర్భసంచి. బాగుంది," అని తెరమీద వేలుపెట్టి చూపించింది డాక్టరు.

పక్కనే అండాశయం. దాని అంచు చుట్టూ నల్లటి చుక్కలు. నరసింహులు వంగి చూసి, అమ్మవారి మెడలో చెక్కే ముత్యాల సరం మాదిరి ఉందే అన్నాడు. డాక్టరు నవ్వింది. అవి ఎదగకుండా ఆగిపోయిన అండాల బుడగలని, నెలసరి తప్పడం కూడా చూస్తే ఇది పీసీఓఎస్ అనే హార్మోన్ల తేడా అని, బిళ్లలు వాడి, రోజూ నడిస్తే దారికొస్తుందని చెబుతూ పోతోంది.

"మేడం, సంచి ఉండాదని తేలింది గదా. ఇంక నన్ను పోనీండి, ఆపుకోలేకున్నా," అంది భ్రమరాంబిక.

బాత్రూం యాడుందో అడిగి, చెయ్యి పట్టుకొని తీసుకుపోయింది భారతమ్మే. తిరిగొచ్చి కొడుకుతో ఒకే మాట అంది. "అవుకోళ్లకు రామని చెప్పు పో."

బిళ్లలు మింగింది, పొద్దునా సాయంత్రం చెరువుగట్టు మీద నడిచింది. నెలసరి ఒక దారికొచ్చింది. రెండువేల సంవత్సరంలో కూతురు పుట్టింది, సుప్రియ. ఆ పిల్ల బారసాలకు నరసింహులు నల్లరాయిలో చిన్న అమ్మవారిని చెక్కి, మెడలో ముత్యాలు ఒక వరస ఎక్కువే పెట్టినాడు.

ఇప్పుడు స్కానింగుకని నంద్యాల బస్సు దగ్గర ఎవరు నిలబడినా భారతమ్మ ఊరుకోదు. డాక్టరు నీళ్లు తాగి రమ్మన్నాడో లేదో అడిగి తెలుసుకొని, చేతిలో నీళ్ల సీసా పెట్టి, నంద్యాలలో దిగినాక అంతా తాగమని బస్సు కదిలేదాకా చెబుతూనే ఉంటుంది.