నాలుగో పలక

పోయిన ఆదివారం మంచిర్యాలలో మూఢనమ్మకాల మీద ఒక సభ జరిగింది. అందులో నేను ప్రధాన వక్తను. మాట్లాడుతుండగా నెత్తి మీద తిరుగుతున్న ఫ్యాను ఒకటి సన్నగా మూలిగి ఆగిపోయింది. రెండు నిమిషాల్లో కాలిన వార్నిష్ వాసన హాలంతా పరుచుకుంది. ముందు వరుసలో కూర్చున్నవాళ్ళు కొంగులూ రుమాళ్ళూ ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. సభాధ్యక్షుడు ఎన్నో ఏళ్ళుగా జాతకాల మీద యుద్ధం చేస్తున్న మనిషి. ఆయన నా చెవి దగ్గరికి వంగి "ఇయ్యాల మన టైం బాగలేనట్టుంది మేడం" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. నేను ఆయన్ని చూసి నవ్వానని ఆయన అనుకొని ఉంటాడు. నిజానికి ఆ వాసన నన్ను అప్పటికే చెన్నూరు బస్టాండు వెనక, రేకుల కప్పు కింద ఉన్న రజియా ఆపా దుకాణంలో దించేసింది. అక్కడ ఎవరైనా ఆ మాట అంటే ఆపా వెంటనే చేతిలో సుద్దముక్క పెట్టేది.

ఆపా మోటరు వైండింగు చేసేది. కాలిపోయిన బావి మోటర్లు విప్పి, మాడిన రాగి తీగ లాగేసి, కొత్త తీగ చుట్టలు గాడుల్లో కూర్చి, వార్నిష్ పోసి ఆరబెట్టడం ఆ పని. దుకాణం పెట్టింది ఆమె భర్త యూసుఫ్ భాయ్. ఆయనకు చూపు మందగించి చివరికి పూర్తిగా పోయింది. అప్పటిదాకా పక్కన కూర్చుని సాయం చేసిన ఆపా ఆయన పీట మీదికి జరిగింది. ఆయన స్టవ్ పక్కకు జరిగి అందరికీ చాయ్ పెట్టేవాడు, వేలి కొసలతో తీగలు తడిమి తప్పులు పట్టేవాడు. మొదట్లో ఒక రైతు "ఆడామె చుట్టిన మోటరు నీళ్ళెత్తుతదా?" అని అడిగాడట. "మోటరునే అడుగు కాకా. చుట్టింది ఆడామెనో మగాయననో దానికి ఎర్క ఉన్నదేమో" అన్నదట ఆపా. ఆ రైతు ఆ తర్వాత ఇంకో దుకాణం మెట్టు ఎక్కలేదు.

నేను ఆ దుకాణానికి వెళ్ళింది శని వల్ల. పాలిటెక్నిక్‌లో మూడు పేపర్లు రెండుసార్లు తప్పాను. మా బాపు పవర్‌లూమ్ కార్మికుడు. మగ్గాల చప్పుడులో బతికి, బిడ్డ అయినా చప్పుడు లేని చోట కూర్చుని పని చేసుకోవాలని ఆశపడ్డవాడు. ఆయన ఒక అయ్యగారిని అడిగితే ఏలినాటి శని నడుస్తోందని, స్థలం మారిస్తే కొంత ఉపశమనమని చెప్పాడు. నన్ను చెన్నూరులో మేనత్త ఇంటికి పంపారు. నిజం చెప్పాలంటే నాకు ఆ శని చాలా హాయిగా ఉండేది. చదవాల్సిన పుస్తకాలు ఆ శనిదేవుడు తల కింద పెట్టుకుని పడుకుంటే నేనేం చేయగలను? ఊరికే ఇంట్లో కూర్చోవద్దని మేనత్త నన్ను పక్కింటి ఆపా వెంట దుకాణానికి తోలింది.

"ఎందుకు ఫెయిలైనవ్ బేటీ?" అని అడిగింది ఆపా, చేతిలో తీగ ఆపకుండానే.

"శని నడుస్తుందట ఆపా."

"పరీక్ష రాసింది గాయననా, నువ్వా?"

స్టవ్ దగ్గర నుంచి యూసుఫ్ భాయ్ అందుకున్నాడు. "గాయన రాస్తే పాసయ్యెటోడేమో."

నాకు కోపం వచ్చింది. చాయ్ మాత్రం తాగాను.

ఆ దుకాణం గోడకు రెండు పలకలు వేలాడేవి. ఒకటి ఆపాది, ఇంకోటి నాకంటే ముందు పని నేర్చుకుని వెళ్ళిపోయిన కుర్రాడిది. నేను వచ్చిన రెండో రోజే నా కోసం మూడోది కొని మేకుకు తగిలించారు. బాగు చేసిన మోటరు ఏదైనా మళ్ళీ కాలి వెనక్కి వస్తే, దాన్ని చుట్టిన మనిషి విప్పి చూసి, కారణం తన పలక మీద తన చేత్తో రాయాలి. వాక్యం 'నేను' అని మొదలు కావాలి. కరెంటు అనో, నసీబ్ అనో, తలరాత అనో ముందే రాయడానికి వీల్లేదు. కరెంటు తప్పే అయితే అని నేను వాదించాను.

"అయితే మోటరే చెప్తది. కరెంటుతోని కాలితే తీగంత ఒక్క తీరుగ నల్లవడుతది. మన చెయ్యి తప్పితే ఒక్క కాడనే కాలుతది. ముందుగాల విప్పు, చూడు, గప్పుడు మాట్లాడు" అన్నది ఆపా. తర్కశాస్త్రం మీద నేను తర్వాత చాలా పుస్తకాలు చదివాను. వాటిలో చాలా మటుకు ఈ నాలుగు ముక్కల దగ్గరే తిరిగాయి.

రాసినదాన్ని తుడవడానికి కూడా ఒక పద్ధతి ఉండేది. తప్పు ఎలా జరిగిందో, మళ్ళీ జరగకుండా ఏం చేయాలో నేర్చుకుని మిగతా ఇద్దరికీ పాఠం చెప్పాలి. యూసుఫ్ భాయ్ కళ్ళు మూసుకుని విని అడ్డదిడ్డంగా ప్రశ్నలు వేసేవాడు. అన్నిటికీ జవాబు చెప్పగలిగితే తడిగుడ్డతో మన పలక మనమే తుడుచుకోవచ్చు. ఆ రోజు హోటలు నుంచి జిలేబీ వచ్చేది. అందుకే ఆ దుకాణంలో తప్పు అనగానే నాకు ఇప్పటికీ నోట్లో తీపి తగులుతుంది. విచిత్రమేమిటంటే, అందరికంటే ఎక్కువసార్లు నిండేది ఆపా పలకే. అది వాకిట్లోకి కనిపించేలా వేలాడేది. "గిరాకీ పోదా ఆపా?" అంటే, "పోయెటోడు పోతడు. గాయన కోసం నేను నేర్చుకునుడు బంద్ చెయ్యాల్నా?" అనేది.

ఆమె ఐదు పూటలా నమాజు చేసేది. నేను తర్వాత దేవుడి మీద వ్యాసాలు రాసి చాలామందితో తిట్లు తిన్నాను. ఆ విషయంలో మాకు ఏనాడూ పొసగలేదు. కానీ నాకు హేతువాదం నేర్పింది ఏ వేదికా కాదు, ఆమే. ఒకసారి వాదన పెట్టుకుంటే "అల్లాకు శాన పనులున్నయ్. నేను మోటర్ల పెట్టే పేపర్ మడతలు గూడ ఆయననే చూసుకోవాల్నా?" అని నవ్వింది. అంత బలమైన వాక్యం నా ఏ వ్యాసంలోనూ లేదు.

ఆ యాసంగిలో పోశం కాకా మోటరు వచ్చింది. మొదటి చుట్ట నుంచి చివరి ముడి దాకా నేను ఒక్కదాన్నే చేసిన మొదటి మోటరు అది. తీగ ఇనుముకు తగలకుండా ప్రతి గాడిలో గట్టి కాగితం ఒకటి పెడతారు. ఆఖరి చుట్టను లోపలికి నెడుతుంటే ఒక గాడిలో కాగితం చిన్నగా చిరిగింది. మార్చాలంటే కూర్చిన చుట్టలన్నీ పైకి లాగాలి. మధ్యాహ్నమంతా చేసిన పని పోతుంది. అటూ ఇటూ చూశాను. ఆపా వాకిట్లో ఎవరితోనో మాట్లాడుతోంది. చిరుగు మీదుగా దారం బిగించి కట్టేశాను. మోటరు బాగానే తిరిగింది. ఆపా తిప్పి చూసి పంపించింది.

పోశం కాకా దాన్ని మంగళవారం బావిలో దించాడు. శనివారం పొద్దున ఆటోలో వెనక్కి తెచ్చాడు. ఆపా కాగజ్‌నగర్‌లో చెల్లెలింటికి వెళ్ళింది, సోమవారం గానీ రాదు. ఆయన వరి పొట్ట మీద ఉంది. అప్పటికే మడి నెర్రెలు పడుతోంది.

"నీ తప్పేం లేదు బిడ్డా" అన్నాడు, నేను అడక్కముందే. "మంగళారం పూట దించిన. మా అవ్వ వద్దన్నా ఇనలే. నా కర్మ."

నేను విప్పాను. తీగంతా బంగారంలా మెరుస్తోంది. ఒక్క గాడిలో మాత్రం బొగ్గయిన కాగితం, ఆవగింజంత కరిగిన రాగి. కాగితం చిరిగింది ఆ గాడిలోనే. పోశం కాకాకు దాన్ని చదవడం రాదు. యూసుఫ్ భాయ్‌కి చూపు లేదు. ఆ దుకాణంలో ఆ మచ్చ చూడగలిగింది నేనొక్కదాన్నే.

ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. నేను నోరు మూసుకుంటే చాలు. ఆయన ఇంకెప్పుడూ మంగళవారం మోటరు దించడు. ఆయన కొడుకులూ దించరు. ఒక మూఢనమ్మకం పుట్టబోతోంది, నేను దాని మంత్రసానిని. అది మేలు చేసేది నాకేనని కూడా అప్పుడే తెలిసింది. నా పేరు నిలబడుతుంది, ఆపా దగ్గర నా పీట నిలబడుతుంది. ఆయన పొలం మాత్రం ఎండుతుంది, తన కర్మే అని తల వంచుకుని ఇంటికి పోతాడు. నా శని కూడా ఇలాగే పుట్టిందని తట్టింది.

"మంగళారం గాదు కాకా" అన్నాను. "నేను చుట్ట కూసోపెట్టేటప్పుడు పేపర్ చినిగింది. చూసిన. చూసి గూడ పైనుంచి దారం కట్టిన."

ఆయన విప్పిన మోటరు మీదికి వంగాడు. "ఎర్కుండే కట్టినవా?"

"ఎర్కుండే కట్టిన."

"మరి నా పొలమెట్ల?"

"పొద్దుగూకే వరకు నీళ్ళు పారిస్త. నీ మోటరు మళ్ళ చుట్టిస్త." అని స్టవ్ వైపు తిరిగాను. "భాయ్, మూలకున్న మన మోటరు తీస్కపోత."

"అడుగుతున్నవా, చెప్తున్నవా?"

"చెప్తున్న."

"గట్లయితే తీస్కపో. అడిగితే ఆపాను అడుగుమందును."

అప్పటిదాకా నేను మోటర్లు చుట్టడమే గానీ బావి దగ్గర బిగించి ఎరగను. ఆటోలో వెనక మోటరు పట్టుకుని కూర్చున్నాను. పోశం కాకా ముందు డ్రైవరు పక్కన ఎక్కాడు. పైపులు బిగించి స్విచ్చి వేస్తే మోటరు తిరిగింది, నీళ్ళు మాత్రం ఏడ్చినట్టు కారాయి.

"ఇయ్యాల మంగళారం గాదు గద, గిదేమాయె?" అన్నాడు ఆయన, మొహంలో నవ్వు కనబడనీయకుండా.

"శనివారమే కాకా. నేను తీగలు ఉల్టా ఇచ్చిన."

రెండు తీగలు అటుదిటు మార్చాను. ఈసారి పైపు ఒక్కసారి దగ్గి, నీళ్ళు ఎగిసి కాలువలో పడ్డాయి. నెర్రెలు మెల్లగా తాగుతుంటే చప్పుడు వినిపించింది. నేను చెప్పులు విడిచి మోకాళ్ళ దాకా బురదలో దిగాను. పోశం కాకా గట్టు మీద కూర్చుని సద్ది విప్పి, సగం నా వైపు జరిపాడు. జీవితంలో అంత సంతోషంగా తప్పు ఒప్పుకున్న రోజు ఇంకొకటి లేదు.

సోమవారం ఆపా వచ్చేసరికి ఆయన మోటరు చుట్టి ఆరబెట్టాను. పలక మీద వాక్యం రాసి ఉంది: 'నేను పేపర్ చినిగింది చూసి గూడ దారం కట్టిన.' ఆమె భుజం మీది సంచి దించకుండానే రెండుసార్లు చదివింది. తిట్ల కోసం ఎదురుచూశాను. ఆమె సుద్దముక్క తీసుకుని తన పలక మీద రాసింది: 'నేను దారం కింద చూడకుంటనే మోటరు పంపిన.'

"తప్పు నాది గద ఆపా, నువ్వెందుకు రాస్తున్నవ్?"

"నీది నువ్వు రాసుకున్నవ్. నాది నన్ను రాసుకోనియ్యవా?"

అప్పుడు స్టవ్ దగ్గర దగ్గు వినిపించింది. "గా దినం పేపర్ చినిగిన సప్పుడు నేనిన్న. మారుస్తదిలే అని ఊకున్న. నాకేమో పలక లేకపాయె."

ఆపా నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇన్నేండ్లు పలక లేకుంట ఎంత సుఖంగ బతికినవయ్యా."

మధ్యాహ్నానికి నాలుగో పలక వచ్చింది. మేము రాసిపెడతామంటే యూసుఫ్ భాయ్ ఒప్పుకోలేదు. చూపులేని చేత్తో, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా రాశాడు: 'నేను ఇన్న గని చెప్పలే.' కాగితం అంచు మడిచి గాడిలో ఎలా పెడితే చిరగదో నేను ఆ సాయంత్రం పాఠం చెప్పాను. అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేసింది ఆయనే. జిలేబీ ఎక్కువ తిన్నదీ ఆయనే.

ఆ ఏడాది పరీక్షల్లో రెండు పేపర్లు పాసయ్యాను, మూడోది తప్పాను. బాపు ఫోన్‌లో శని పేరెత్తబోతే ఆపి, పలక దగ్గరికి వెళ్ళి 'నేను లెక్కలు చెయ్యకుంటనే చదివిన అనుకున్న' అని రాశాను. మళ్ళీ రాసినప్పుడు అదీ పాసయ్యాను. "శని దిగిపోయింది బిడ్డా" అని బాపు మురిసిపోయాడు. ఆ మాట చెప్తే ఆపా "పోయెటప్పుడు జర జిలేబీ తినిపొమ్మను" అన్నది.

యూసుఫ్ భాయ్ ఇప్పుడు లేడు. దుకాణం మూసి ఆపా మంచిర్యాలలో కూతురి దగ్గర ఉంటోంది. నాలుగో పలక నాకిచ్చింది. మా ఇంట్లో పుస్తకాల అల్మారా పక్కన మేకుకు వేలాడుతోంది.

ఆ ఆదివారం ఫ్యాను ఆగాక వెనక వరుసల్లోని కాలేజీ పిల్లలు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. తిరుగు దారిలో నేను అధ్యక్షుడితో "ఈ కాలం పిల్లలకు ఫోనే లోకం" అన్నాను. ఆయన తల ఊపాడు. ఇద్దరికీ హాయిగా ఉంది. ఆ హాయి నాకు బాగా తెలిసిందే. ఇంటికి రాగానే సుద్దముక్క వెతుక్కున్నాను. 'నేను గంట సేపు చెప్పిన, వాళ్ళనొక్క మాట అడగలే.'

మర్నాడు పొద్దున ఆపాకు ఫోన్ చేసి చదివి వినిపించాను.

"మరి ఎప్పుడు తుడుస్తవ్?" అన్నది.

"వచ్చే బుధవారం వాళ్ళ కాలేజీకే పోతున్న ఆపా. వెనక బెంచీల కూసుంట. వాళ్ళు మాట్లాడితే ఇంట."

"మంచిది. వచ్చేటప్పుడు ఇంటి దిక్కు రా. జిలేబీ నేను తెప్పిస్త. ముందుగాల పాఠం మాత్రం చెప్పాలె."