సీమ నూలు ముట్టని లేసు

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు: మా పెద్దమ్మ కూతురంటే నాకు ఈనాటికీ అసూయే, అదీ జానెడు ముతక లేసు ముక్క కోసం.

మొన్న మస్కట్ అల్ మవాలేలో సరుకులకి వెళ్ళినప్పుడు, నాతో వార్డులో డ్యూటీ చేసే ఒమానీ అమ్మాయి బిస్కెట్ పొట్లం ఒకటి తీసి, వెనక ఏ దేశం సరుకో చదివి, ఇది మేమిప్పుడు కొనడం లేదంటూ మళ్ళీ అరలో పెట్టేసింది. ఆ చెయ్యి వెనక్కి వెళ్ళిన తీరు చూసి అమ్మమ్మ చెప్పిన కథ గుర్తొచ్చింది, ఆ వెంటనే అక్క గుర్తొచ్చి పాత మంట రాజుకుంది.

అమ్మా పెద్దమ్మా ఇద్దరూ ఒమాన్‌లో నర్సులు కావడంతో సోహార్ ఊళ్ళో రెండు కుటుంబాలం ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. చర్చిలో శుక్రవారం ఆరాధన అయ్యాక, ఫోన్ కార్డు గీకి, ఇంటిల్లిపాదీ వరసలో నిలబడి గోదావరి జిల్లాలో ఉన్న అమ్మమ్మతో తలా ఒక మాట మాట్లాడిన రోజులు నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటాయి. అలాంటిది ఒక ఏడు అమ్మమ్మే వచ్చి మాతో కొన్ని నెలలుంది.

అమ్మమ్మ వాళ్ళమ్మ లేసు అల్లుకుని బతికిన మనిషి. సీమ నుంచి, అంటే ఇంగ్లండు నుంచి, ఓడల్లో వచ్చిన సన్న నూలు దొరసాని ఇస్తే, అల్లి తిరిగి ఆవిడకే ఇచ్చేది. ఉప్పు మీద కూడా పన్నేమిటని ఊళ్ళో మగవాళ్ళు సీమ బట్టలు కుప్పపోసి తగలబెడుతున్న కాలంలో, పన్ను కట్టనని చెప్పే బలం లేని అమ్మమ్మ వాళ్ళమ్మ సీమ నూలు ముట్టనని మాత్రం చెప్పగలిగింది. రాట్నం మీద తనే వడుక్కున్న నూలుతో అల్లితే అది లేసులా కాక వలలా వచ్చిందని దొరసాని వెనక్కిచ్చేసిందట. అమ్మమ్మ తన బైబిల్లో దాచుకున్నది ఆ ముక్కే. మా ఇంట్లో అది అల్లిక వచ్చిన ఆడపిల్లకే చెందాలి.

నా అరచేతులకి చెమట ఎక్కువ, అందులో సోహార్ ఉక్క. మా ఇద్దరికీ అల్లిక నేర్పుతూ అమ్మమ్మ నా చేతులకి పౌడరు రాసి చూసింది గానీ, నూలు నల్లబడుతుంటే కొక్కెం నా చేతిలోంచి తీసుకుని, నీకు నూలిస్తే చేపల బుట్టలో వేసినట్టేనే అని నవ్వింది. అక్క ఊరుకోకుండా, దానికి పుస్తకమివ్వు అమ్మమ్మా, పేజీలు తడుపుకుంటుంది అంది. అక్క వేళ్ళు పొడిగా, చురుగ్గా, చూస్తుంటేనే ఒళ్ళు మండేలా ఆడేవి.

నా ఆశంతా ఆ లేసు కథ మీద పెట్టుకున్నాను. అక్క ఉప్పు మీద పన్నుని పంచదార మీద పన్ననేది. నేను మాత్రం, నోరు విప్పడమే అరుదైన నేను, మంట ఎక్కడ వేశారు, ఎవరెవరు వచ్చారు, దొరసాని ఏమందని అడిగడిగి తెలుసుకున్నాను. ఇంత తెలిసినదాన్ని కాదని అమ్మమ్మ ఆ ముక్క ఇంకొకరికి ఎలా ఇస్తుందనుకున్నాను.

తిరిగి వెళ్ళే రోజు మస్కట్ ఎయిర్‌పోర్టులో అమ్మమ్మ బైబిలు తెరిచి, ఆ ముక్క అక్క చేతిలోనే పెట్టింది.

అక్క ఇప్పుడు ఒమాన్‌లోనే సమాయిల్‌లో ఉంటోంది, లేసుకి అద్దం కట్టించి హాల్లో తగిలించింది. అల్లడం ఎప్పుడో మానేసింది. ఏ దేశపు నూలైనా ఫోన్‌లో నొక్కితే గుమ్మంలోకి వస్తోంది, మా ఇంట్లో అల్లే చెయ్యే లేదు. అయినా వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా నేను ఆ గోడకి వీపు పెట్టి కూర్చుంటాను.

ఆ రోజు ఎయిర్‌పోర్టులో నా మొహం చూసిందేమో, అమ్మమ్మ నన్ను పక్కకి పిలిచి తల నిమిరి ఒక మాటంది. మళ్ళీ ఆవిడని నేను చూడలేదు.

"అన్నీ అడిగావు కదే పిల్లా. సీమ నూలు వద్దని అల్లిక మానేసిన ఆ ఏడు మా అమ్మ ఏం తిని నాకు పాలిచ్చిందో, అది మాత్రం అడగలేదేమే?"