కాలేయంలో పిల్లకాలువలు

2005 వానాకాలం. కర్నూలులో ఒక దినపత్రికకు ఆసుపత్రుల వార్తలు రాసేవాణ్ణి. కోడుమూరు దగ్గర ట్రాక్టరు బోల్తాపడి ఈరన్న అనే రైతుకు కాలేయం చీలిందని తెలిసి ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాను. అప్పటికే ఆపరేషన్ పూర్తయింది.

సర్జన్ కడప ఆవిడ, పొదుపుగా మాట్లాడేది. నెత్తురు ఆగకపోవడంతో కాలేయానికి రక్తం తెచ్చే నాళాలను క్లాంప్‌తో, అంటే పట్టుకారు లాంటి సాధనంతో, బిగించి, మధ్యమధ్యలో వదులుతూ చీలికను కుట్టామని చెప్పింది. ‘రక్తప్రసరణను పునరుద్ధరించారు’ అన్న వాక్యంతో వార్త ముగించాను.

ఇలాంటి వార్తకు ఫాలోఅప్ ఉండాలి, అంటే తర్వాత ఏమైందో కనుక్కుని రాయాలి. రెండోరోజు వెళ్లేసరికి ఈరన్న కళ్లు పచ్చబడి ఉన్నాయి. మనిషి మగతలో ఉన్నాడు. వాళ్లన్న సర్జన్ గదిలో నిలబడి గట్టిగా మాట్లాడుతున్నాడు.

“రక్తం వదిలినాము, బాగుండాడు అంటిరి. ఇవి కామెర్లు గాదా? రాజంపేట కాడ పసరు పోస్తారంట. జీపు మాట్లాడినా. తోల్కపోతాం.”

సర్జన్ ఈరన్న భార్య నరసమ్మ వైపు తిరిగి, “మీ చేనికి కాలువ నీళ్లొచ్చినాయామ్మా?” అని అడిగింది.

“యాడొచ్చినాయి మేడం! పెద్దకాలువలో పారతాండాయంట. మా పిల్లకాలువలు ఎండి నెర్రెలిచ్చినాయి. మొదటి నీళ్లు ముళ్లకంపా ఒండ్రూ తోసుకొచ్చి అడ్డం పడినాయి.”

“నీ మొగుని కాలేయంలో అదే జరుగుతాండాది.”

తర్వాత వివరంగా చెప్పింది. కాలేయం నిండా సైనుసాయిడ్లు అనే సన్నటి రక్తపు దారులు ఉంటాయి. రక్తం ఆగిన కాసేపట్లోనే వాటి గోడల కణాలు ప్రాణవాయువు అందక ఉబ్బుతాయి. దారి ఇరుకవుతుంది. రక్తం తిరిగొచ్చినప్పుడు, దానితోపాటు వచ్చే ప్రాణవాయువే ఆ కణాలకు హాని చేసే పదార్థాలను పుట్టిస్తుంది. తెల్లకణాలు గోడలకు అతుక్కుంటాయి, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు గుంపుకడతాయి. పెద్ద నాళంలో ప్రవాహం ఉన్నా కొన్ని భాగాలకు చుక్క అందదు.

“అట్లయితే పసరు పోస్తే ఆ కంప కొట్టుకపోతాది గదా?” అన్నాడు అన్న.

“పూడిన కాలువలోకి ఇంకో కాలువ తిప్పుతావా అప్పా? ఆ పసరును అరిగించాల్సింది గూడా ఆ కాలేయమే.”

“మరి ఈడుంటే బతుకుతాడా?”

“మాటియ్యలేను. ఈడుంటే నేను చూసుకుంటా. జీపులో చూసేదెవరు?”

నరసమ్మ బావ వైపు తిరిగి అంది: “జీపు పంపీ బావా. నీకు కామెర్లొచ్చినప్పుడు పసరు తాగి, ఉప్పు లేని కూడు తిన్లేక ఇంట్లో అందర్నీ తిడితివి. ఈయప్పకు ఇప్పుడు తిట్టే ఓపిక గూడా లేదు.”

అతను గొణుక్కుంటూ వెళ్లి జీపును పంపేశాడు. మళ్లీ వచ్చి వార్డు బయట కూర్చున్నాడు.

దెబ్బతిన్న కాలేయ కణాల నుంచి రక్తంలోకి ఎంజైములు కారతాయి. మర్నాడు అవి ఇంకా పెరిగాయి. వాళ్లన్న నరసమ్మ ముఖం చూశాడు గానీ జీపు మాట ఎత్తలేదు. ఆ తర్వాతి పరీక్షలో ఎంజైములు తగ్గుముఖం పట్టాయి. రక్తం గడ్డకట్టడం మెరుగుపడింది. కళ్లలో పసుపు మాత్రం అన్నిటికంటే ఆలస్యంగా పోయింది.

మగత వీడాక ఈరన్న మొదట అడిగింది, “నీళ్లొచ్చినాయా?”

“ఇంగా లేదు. మీయన్న కంప తీయను పోయినాడు,” అంది నరసమ్మ.

అదే వారంలో కాలువకు నీళ్లు వదిలారని కూడా నేనే రాశాను. రెండు వార్తల్లోనూ తప్పు లేదు. కానీ రెండూ తూము దగ్గరే ఆగిపోయాయి. ఆ తర్వాత ఆపరేషన్ బాగా జరిగిందని ఎవరైనా చెబితే, రోగిని మళ్లీ ఎప్పుడు చూడొచ్చో అడిగేవాణ్ణి. నీళ్లు వదిలామని అధికారులు చెబితే, వార్త పంపేముందు కోడుమూరు రైతులకు ఫోన్ చేసేవాణ్ణి.